ఈసీ తీయించని సంబంధం

కిందటి శ్రావణమాసంలో ఒక శుక్రవారం మా బ్రాడీపేటలోనే తెలిసినవారింటికి పేరంటానికి వెళ్లాను. పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలమూ నానబెట్టిన శనగలూ చేతిలో పెట్టాక ఆ ఇంటావిడ నన్ను వంటింటి గుమ్మం దాకా తీసుకెళ్లింది. మొహం వెలిగిపోతోంది ఆవిడకి.

“మా రెండోదానికి సంబంధం కుదిరేట్టుందండీ. అబ్బాయి డల్లాసులో ఉంటాడు. గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో ఉందిట!”

బీరువా తాళంచెవులు ఎక్కడ దాచిందో చెబుతున్నంత మెల్లగా చెప్పిందా చివరి మాట. అయినా హాల్లో కూర్చున్న నలుగురికీ వినిపించనే వినిపించింది. “అదృష్టవంతురాలండీ మీ అమ్మాయి” అంది ఒకావిడ. “ఇంకేం, స్వీట్లెప్పుడు?” అంది ఇంకొకావిడ.

నోరు మూసుకుని, శనగలు సంచీలో వేసుకుని వచ్చేస్తే ఎంత మర్యాదగా ఉండేది! కాని ఆ మాట వింటే చాలు, ఏడెనిమిదేళ్లుగా నాకు ఒళ్లు మండుతుంది. అడిగేశాను.

“ప్రాసెస్ అంటే ఏ మెట్టు మీద ఉందండీ? లేబర్ అయిందా? ఐ-140 అప్రూవ్ అయిందా? ప్రయారిటీ డేటు ఏ సంవత్సరానిది?”

హాల్లో మాటలు ఆగిపోయాయి. ‘అబ్బాయి తాగుతాడా?’ అని అడిగినా అలా చూసి ఉండరు నన్ను.

“అవన్నీ మనకెందుకండీ? కుర్రాడు బుద్ధిమంతుడా కాదా అన్నది చూసుకోవాలి గాని” అంది ఇంటావిడ నవ్వు తగ్గించి.

“నవలలు రాసేవాళ్లకి అన్నిట్లోనూ అనుమానాలే లెండి” అని సర్దిచెప్పింది స్వీట్లావిడ.

సరే. ఇదే ఇంటావిడ రెండేళ్ల కిందట గోరంట్లలో రెండువందల గజాల స్థలం కొన్నది. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. ముప్ఫయ్యేళ్లకి ఈసీ తీయించింది. లింకు డాక్యుమెంట్లన్నీ లాయరుకి చూపించింది. సరిహద్దు రాళ్లు దగ్గరుండి కొలిపించింది. పక్క స్థలం వాళ్లని కేకేసి, “తగాదాలేమైనా ఉన్నాయా బాబూ?” అని అడిగింది. మట్టికి ఇంత విచారణ! కడుపున పుట్టిన పిల్లని సముద్రాల అవతలికి పంపడానికి మాత్రం ‘ప్రాసెస్‌లో ఉందిట’ అన్న ఆ ‘ట’ ఒక్కటీ చాలింది ఆవిడకి.

నేను పోట్లాడేది ఆ ‘ట’తోనే.

ముందే చెప్పేస్తున్నాను, అమెరికా అంటే నాకు కోపం లేదు. వెళ్లినవాళ్లంటే అసూయా లేదు. నేను చదివింది బి.ఏ. 2000వ సంవత్సరం అటూ ఇటూగా నా ఈడువాళ్లంతా అమీర్‌పేట వెళ్లి కంప్యూటరు కోర్సులు నేర్చుకుంటుంటే, తెలుగూ చరిత్రా చదువుకుంటూ కూర్చున్న మొద్దుని. “నీకు ఆ వీసాల సంగతులేం తెలుస్తాయే!” అనేది మా అక్క. నిజమే, అప్పటికి తెలియదు. తెలియదు కనకనే 2018 ఫిబ్రవరిలో మా అక్క కూతురి పెళ్లిలో పట్టుచీర కట్టుకుని అందరికంటే ఎక్కువ హడావిడి చేసినదాన్ని నేనే.

పిల్ల ఎమ్మెస్సీ లెక్కలు. ఇక్కడే ఒక జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేసేది. తన జీతంతో తనే స్కూటీ కొనుక్కుంది. తండ్రికి కంటి ఆపరేషన్ చేయించింది. సంబంధం తెచ్చిన పెద్దమనిషి మా బావగారి ఎదుట కూర్చుని, “ఉత్త హెచ్-1 మీద ఉన్న కుర్రాడైతే లెక్క వేరండీ. ఇతనికి గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో ఉంది” అన్నాడు. ఆ రెండో వాక్యానికి పది లక్షలు ఎక్కువ చెప్పాడు. కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా నేరమేనని 1961లోనే చట్టం వచ్చిందన్న సంగతి అక్కడున్న ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు. మా బావగారు తెనాలి దగ్గర ఎకరం మాగాణి అమ్మారు.

ఇంతకీ ఆ ప్రాసెస్ ఏమిటో తెలుసా? అబ్బాయి పనిచేసే కన్సల్టెన్సీ వాళ్లు “నీ ఫైలు మొదలుపెడతాం” అన్నారు. అంతే. అతను అబద్ధమాడలేదు పాపం, వాళ్లన్నమాటే వీళ్లకి చెప్పాడు. పెళ్లయిన ఏడాదికి బయటపడింది, ఆ ఫైలు అసలు తెరవనేలేదని. పైగా ఖర్చులకంటూ అతని జీతంలోంచే డబ్బు పట్టుకుంటూ వచ్చారట. లేబర్ సర్టిఫికెట్ ఖర్చు, లాయరు ఫీజుతో సహా, కంపెనీయే పెట్టుకోవాలని అమెరికా కార్మిక శాఖ 2007లోనే నిబంధన పెట్టింది. అది తెలిశాక అతను కంపెనీ మారాడు. కొత్త కంపెనీ 2019లో లేబర్‌కి దరఖాస్తు చేసింది. 2020లో ఐ-140 వచ్చింది. అంటే, మా బావగారు పొలం అమ్మి కొన్న ‘ప్రాసెస్’ పెళ్లయిన ఏడాదికి గాని పుట్టలేదు! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, సరిగ్గా అది.

అప్పుడు మొదలుపెట్టాను ఈ చదువు. నాకు తెలిసినంత మీకూ చెబుతాను. భయపడకండి, కంప్యూటరు అక్కర్లేదు. రేషన్ షాపు దగ్గర నిలబడ్డ అనుభవం ఉంటే చాలు.

మొదటి సంగతి ఇది. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డుకి అర్జీ పెట్టేది మన అల్లుడు కాదు, అల్లుడి యజమాని. హెచ్-1బి వీసా తెప్పించేదీ యజమానే. అది మొదట మూడేళ్లు, పొడిగిస్తే మొత్తం ఆరేళ్లు. ఆ పైన అక్కడే ఉండిపోవాలంటే మూడు మెట్లు ఎక్కాలి. మొదటి మెట్టు లేబర్. అల్లుడు చేస్తున్న ఉద్యోగానికే పేపర్లో రెండు ఆదివారాలు ప్రకటన వేయాలి. ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో ముప్ఫై రోజులు ఉంచాలి. తగిన స్థానికులు దొరకలేదని కార్మిక శాఖని ఒప్పించాలి. రెండో మెట్టు ఐ-140. ‘ఈ మనిషి మాకు కావాలి, చెప్పిన జీతం ఇచ్చే స్తోమతు మాకుంది’ అని కంపెనీ వేసే అర్జీ అది. మూడోది ఐ-485. అక్కడికి వచ్చాకనే మన అల్లుడు తన పేరున తను దరఖాస్తు పెట్టుకుంటాడు, భార్యాబిడ్డల్ని కలుపుకుంటాడు. అంతవరకు అతని తరఫున మాట్లాడేది కంపెనీయే.

రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ మధ్య ఉంది అసలు వరస. లేబర్‌కి దరఖాస్తు చేసిన రోజుని ప్రయారిటీ డేటు అంటారు. రేషన్ షాపు ముందు మనం సంచీ పెట్టిన వేళ అన్నమాట. సంచీ పెట్టామని చక్కెర ఇంటికి వచ్చినట్టా? ఐ-140 వచ్చిందంటే సంచీ పెట్టినట్టు రసీదు దొరికిందని మాత్రమే అర్థం. మన మధ్యవర్తులు ఆ రసీదునే, ఒక్కోసారి రసీదు కూడా లేని ఉత్త సంచీనే, చక్కెర అని చెప్పి అమ్ముతున్నారు. మనం కొంటున్నాం.

ఆ వరస ఎంత పొడుగో వినండి. 1990లో అమెరికా చేసిన చట్టం ప్రకారం ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. అందులో భార్యలూ పిల్లలూ కూడా లెక్కే. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ అందులో ఏడు శాతానికి మించి ఇవ్వకూడదు. లెక్కకట్టండి, 9,800. మిగతా దేశాలవారు వాడుకోగా మిగిలితే మరికొన్ని దక్కుతాయి. నూటనలభై కోట్ల మనకీ ఏడు శాతమే, మన గుంటూరు జిల్లా అంత జనం కూడా లేని ఐస్‌లాండ్‌కీ ఏడు శాతమే! పైకి చూస్తే అందరికీ సమానమే. పదిమంది పిల్లలున్న ఇంటికీ, ఒక్క పిల్లాడున్న ఇంటికీ ఒకే గిన్నెడు అన్నం పంపి, “ఏ ఇంటికీ తేడా చూపలేదు” అన్నట్టు.

అదైనా మనిషి ఏ దేశ పౌరుడు అన్నదాని మీద ఉందా? లేదు. ఎక్కడ పుట్టాడన్నదాని మీద ఉంది. మన కడప నుంచి కువైట్ వెళ్లి పనిచేసే దంపతుల్ని అనుకోండి. పెద్దబ్బాయి కువైట్‌లో పుట్టాడు. రెండో కాన్పుకి తల్లి ఆచారం ప్రకారం పుట్టింటికి వచ్చింది, చిన్నవాడు కడపలో పుట్టాడు. ఇద్దరిదీ ఒకే ఇంజినీరింగ్ కాలేజీ, ఒకే కంపెనీ, ఒకే రోజు అర్జీ. పెద్దవాడు కువైట్ వరసలో నిలబడతాడు, చిన్నవాడు ఇండియా వరసలో నిలబడతాడు. అన్నకి గ్రీన్ కార్డు వచ్చాక కూడా తమ్ముడు ఏళ్ల తరబడి నిలబడే ఉంటాడు. తల్లి పురిటికి పుట్టింటికి రావడం ఆ పిల్లవాడి నేరమైంది! ఇంకో చిత్రం ఏమిటంటే, భార్య పుట్టిన దేశం వరసలోకి భర్త మారవచ్చు. రేపు సంబంధాలవాళ్లు నక్షత్రంతోపాటు ‘అమ్మాయి పుట్టిన ఆసుపత్రి ఏ దేశంలో?’ అని అడిగినా నేను ఆశ్చర్యపోను.

అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వీసా బులెటిన్ అని ఒకటి వేస్తుంది. ఏ దేశంవాళ్లకి ఏ తేదీ దాకా పిలుపు వచ్చిందో అందులో ఉంటుంది. మనవాళ్లు దాన్ని పంచాంగం చూసినట్టు చూస్తారు. 2025 అక్టోబరు బులెటిన్‌లో, మన ఇంజినీర్లు ఎక్కువమంది నిలబడే రెండో తరగతిలో, ఇండియావారికి కనిపించిన తేదీ 2013 ఏప్రిల్ 1. పన్నెండేళ్లు దాటాక పిలుపన్నమాట. మా అల్లుడి సంచీ 2019 నాటిది. పోనీ, నెలకో నెల చొప్పున ముందుకి జరుగుతుందా అంటే, అదీ లేదు. కొన్ని నెలలు కదలదు. ఒక్కోసారి ఏకంగా వెనక్కి పోతుంది. మన శనీశ్వరుడికి వక్రగతి ఉన్నట్టు ఈ పంచాంగానికీ ఉంది. శాంతి చేయించే మార్గం మాత్రం లేదు.

ఇదంతా అల్లుళ్ల కష్టమేగా, మనకేమిటి అంటారా? ఉండండి. అసలు సంగతికి ఇప్పుడు వస్తున్నాను.

ఈ వరసలో భర్త వెనక ఒక మనిషి నిలబడి ఉంటుంది. ఆవిడ వీసా పేరు హెచ్-4. అంటే ఆశ్రితురాలు. ఆవిడ చదువు, అనుభవం, తెలివి, ఏవీ ఆ కాగితంలో ఉండవు. ఫలానావారి భార్య, అంతే. 2015 మే 26కి ముందు హెచ్-4 భార్యలు ఉద్యోగం చేయడానికే వీల్లేదు. ఆ రోజు నుంచీ భర్త ఐ-140 అప్రూవ్ అయితే భార్య పని అనుమతి కార్డుకి దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. ఆ మాత్రం దయనీ రద్దు చేయమని వెంటనే కోర్టుకి వెళ్లినవాళ్లున్నారు. 2024లో అప్పీలు కోర్టు ఆ నిబంధన సక్రమమేనని చెప్పేదాకా అది ఉంటుందో ఊడుతుందో అని ఈ పిల్లలు దినదినగండంగా బతికారు.

మా పిల్లకి ఆ కార్డు 2021లో వచ్చింది. అంటే పెళ్లయిన మూడేళ్లకి. అంతవరకు, నూరుమంది పిల్లల్ని గుప్పెట్లో పెట్టుకుని పాఠం చెప్పిన మనిషి, ఒక్క డాలరు సంపాదించడానికి వీల్లేదు. “పిన్నీ, పక్కింటి పిల్లకి ఆల్జీబ్రా చెప్పాను. వాళ్లమ్మ ఇరవై డాలర్లు ఇవ్వబోయింది. చేతులు వెనక్కి పెట్టేసుకున్నాను, తీసుకుంటే వీసాకి ముప్పుట” అని ఫోనులో నవ్వింది ఒకసారి. నాకు నవ్వు రాలేదు.

2020 సెప్టెంబరులో మా బావగారు పోయారు. పిల్ల రాలేదు. రాకూడదని కాదు. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు అయిపోయింది. అమెరికాలో ఉన్నంతకాలం పొడిగింపు కాగితం చాలు గాని, దేశం దాటితే మళ్లీ ముద్ర వేయించుకుంటే గాని లోపలికి రానివ్వరు. ఆ జూన్ నుంచే హెచ్-1బి, హెచ్-4 వాళ్లకి కొత్తగా ప్రవేశం ఆపేస్తూ అక్కడి అధ్యక్షుడి ఉత్తర్వు ఉంది. అది 2021 మార్చి 31 దాకా నడిచింది. వస్తే తిరిగి ఎప్పుడు వెళ్తుందో తెలియదు. ఏడాది నిండిన బాబుని వదిలి రావాలా, తీసుకొచ్చి తండ్రికి దూరం చేయాలా? చివరికి మా వీధి వాకిట్లో ఫోను పట్టుకుని నిలబడ్డదాన్ని నేను. “పిన్నీ, కొంచెం దగ్గరగా పెట్టు, నాన్న మొహం కనిపించట్లేదు” అంది. దగ్గరగా పెట్టాను. ఎకరం మాగాణి అమ్మి ఆ తండ్రి కొన్నది ఇదీ.

ఆ బాబు 2019లో అక్కడే పుట్టాడు కనక పుట్టుకతోనే అమెరికా పౌరుడు. తండ్రి హెచ్-1బి. తల్లి హెచ్-4. ఒకే డైనింగ్ టేబుల్ దగ్గర మూడు హోదాలు! వాడికి ఇరవై ఒక్కేళ్లు నిండితే తల్లిదండ్రుల కోసం వాడే అర్జీ పెట్టచ్చు. అది 2040లో. కంపెనీ అర్జీ ముందు పండుతుందో, కొడుకు అర్జీయే ముందు పండుతుందో చూడాలి.

అక్కడ పుట్టకుండా చంటిగుడ్డుగా ఇక్కడినుంచి వెళ్లిన పిల్లల గతి ఇంకా అన్యాయం. వరస రాకుండా ఇరవై ఒకటి నిండితే తల్లిదండ్రుల అర్జీలోంచి జారిపోతారు. వయసు లెక్కలో కొంత వెసులుబాటు 2002 చట్టం ఇచ్చింది గాని, వరసే ఇంత పొడుగైతే అది ఎంతమందికని చాలుతుంది? పలకాబలపం అక్కడే పట్టిన పిల్లలు వేరే వీసా వెతుక్కోవాలి, లేదా తెలుగు చదవడం రాని ఊరికి తిరిగి రావాలి.

ఇంతకంటే కఠినమైన మాట ఒకటుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో, హైదరాబాదు నుంచి వెళ్లిన ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లని ఒక దుర్మార్గుడు కాల్చి చంపాడు. అందరం కన్నీళ్లు పెట్టుకున్నాం. ఆయన భార్య సునయన దుమాలకి ఆ దేశంలో ఉండే హక్కు కూడా ఆ రాత్రే భర్తతోపాటు పోయిందన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? భర్త అంత్యక్రియలకి స్వదేశం వచ్చిన మనిషి, తిరిగి తన ఇంటికి వెళ్లడానికి ఆ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడు పూనుకోవలసి వచ్చింది. అంతటి దుఃఖం దేశదేశాల పత్రికల్లో పడింది కనక పూనుకునేవారు దొరికారు. ఆశ్రితురాలు అంటే అర్థం అదీ.

మరి తప్పెవరిది? చట్టానిది. అందులో నాకు సందేహం లేదు. మనిషి ఎంత పనిచేశాడు, ఎన్నేళ్లు పన్ను కట్టాడు అన్నది చూడకుండా, పురిటిమంచం ఏ దేశంలో వేశారన్నది చూసే చట్టం అన్యాయం. దాన్ని మార్చాలని 2019లో అక్కడి ప్రతినిధుల సభ ఒక బిల్లు ఆమోదించింది. 2020లో సెనేట్ ఇంకో రూపంలో ఆమోదించింది. రెంటికీ పొత్తు కుదరక ఏదీ చట్టం కాలేదు. మార్చవలసినవి మార్చడానికి ఏళ్లు పడతాయి గాని, కొత్త బరువు వేయడానికి ఒక్క సంతకం చాలు. 2025 సెప్టెంబరులో చూశాంగా, బయటి దేశాల్లో ఉన్నవారికి వేసే కొత్త హెచ్-1బి అర్జీకి లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన రాత్రికి రాత్రి వచ్చిపడింది.

ఆ చట్టం మనం రాయలేదు, మార్చలేము. ఒప్పుకుంటాను. కాని ఆ వరసకి రేటు కట్టింది ఎవరు? అమెరికా ప్రభుత్వమా? కాదు, మనం. ఉత్త హెచ్-1కి ఇంత, లేబర్ అయితే ఇంత, ఐ-140 అయితే ఇంత అని మెట్టుకో ధర పలికింది మన బ్రాడీపేటల్లో, మన కూకట్‌పల్లుల్లో. యజమాని ఉద్యోగంలోంచి తీసేస్తే అరవై రోజుల్లో ఇంకో యజమానిని వెతుక్కోవాలి, లేకపోతే వీసా మార్చుకోవాలి, అదీ కాకపోతే సామాను సర్దుకోవాలి. ఐ-140 అప్రూవ్ అయితే కంపెనీ మారినా మామూలుగా పాత తేదీ పోదన్నది నిజమే. 2017లో ఆ వెసులుబాటు ఖాయం చేశారు. కాని కొత్త కంపెనీ లేబర్ నుంచి మళ్లీ అన్నీ చేయించాలి. ఇంత బెదురు మధ్య బతికే కుర్రాడి మెడలో మనం ధర చీటీ కట్టాం. అతని వెనక మన పిల్లని నిలబెట్టాం. పైగా ఆ నిలబెట్టినందుకు డబ్బు మనమే ఇచ్చాం!

“అమ్మాయి ఉద్యోగం చేయకపోతే కొంప మునిగిందా? హాయిగా ఇంట్లో ఉంటుంది” అంటారు కొందరు. మంచిది. ఇంట్లో ఉండటం ఆవిడ ఇష్టమైతే అంతకంటే కావలసిందేముంది! కాని గుమ్మానికి బయటినుంచి గొళ్లెం పెట్టి, “హాయిగా కూర్చో” అనడం వేరు. అలా అనేవాళ్లు ఆ పిల్లని ఎమ్మెస్సీ దాకా ఎందుకు చదివించారు? శుభలేఖలో పేరు పక్కన రాయించడానికా?

“అక్కడ వేలమంది సుఖంగానే ఉన్నారుగా” అంటారు ఇంకొందరు. ఉన్నారు. మా పిల్లా ఇప్పుడు బాగానే ఉంది, ఒక బడిలో లెక్కలు చెబుతోంది. ఆ కార్డు గడువు తీరినప్పుడల్లా మళ్లీ దరఖాస్తు చేసుకుంటూనే చెబుతోంది. వెళ్లొద్దని నేననటం లేదు. తెలిసి వెళ్లండి అంటున్నాను. ఇన్నేళ్లు పట్టవచ్చు, ఇన్నాళ్లు పని ఉండదు, ఇలాంటి వేళ రాలేకపోవచ్చు అని తెలిసి, మనసొప్పి వెళ్లిన పిల్ల ఆ కష్టాన్ని మోసే తీరు వేరు. ‘ట’ని నమ్మి వెళ్లిన పిల్ల మోసే తీరు వేరు. మా పిల్ల మూడేళ్లు తల్లితో పూర్తిగా మనసు విప్పి మాట్లాడలేదు. మీరు అడగలేదేం అన్న ప్రశ్న వాళ్ల మధ్య అలా ఉండిపోయింది.

“కాగితాలడిగితే మర్యాదగా ఉంటుందా? సంబంధం తప్పిపోదూ?” అన్నది అందరూ అనేమాట. జాతకం అడగటం మర్యాదే. జీతం అడగటం మర్యాదే. పిల్ల రంగు, ఎత్తు, వంట, పాట, అన్నీ అడగటం మర్యాదే. కాగితం ఒక్కటే అమర్యాద ఎలా అయింది? అడిగినందుకు తప్పిపోయే సంబంధం తప్పిపోవలసిందే.

అడగవలసినవి పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. లేబర్‌కి దరఖాస్తు చేశారా, ఏ తేదీన? ఐ-140 అప్రూవల్ నోటీసు ఉందా, చూపిస్తారా? హెచ్-1బి మొదలై ఎన్నేళ్లయింది? పెళ్లయి వెళ్లాక అమ్మాయి ఎన్నాళ్లకి ఉద్యోగం చేయవచ్చు? అమ్మకో నాన్నకో ఒంట్లో బాగాలేదంటే వచ్చి వెళ్లడానికి వీసా ముద్ర ఎప్పటిదాకా ఉంది? ఈ అయిదూ అమ్మాయి చేతే అడిగించండి. బతకబోయేది తను. జవాబు ఏదైనా సరే, దానికి ధర మాత్రం కట్టకండి. వరసలో చోటుకి డబ్బిస్తే అది లంచం, పెళ్లిపందిట్లో ఇచ్చినంత మాత్రాన కానుక అయిపోదు.

పేరంటం అయిన పది రోజులకి రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగింది. ఆ ఇంటావిడే.

“ఆ రోజు ఏవో అడిగారు కదండీ, మళ్లీ ఒకసారి చెప్పండి. మా అమ్మాయి రాసుకుంటానంటోంది” అంది.

చెప్పాను. వారం తిరక్కుండా మళ్లీ ఫోను చేసింది. అమ్మాయే ఆ అబ్బాయిని అడిగిందట. అతను ఏమీ నొచ్చుకోలేదట. ‘ఇప్పటిదాకా వచ్చిన సంబంధాలవాళ్లలో ఒక్కరూ ఈ ప్రశ్నలు అడగలేదండీ. వరస ఎప్పటికి వస్తుందో నేను చెప్పలేను. ఉన్నది ఉన్నట్టు చూపిస్తాను’ అని నోటీసు పంపాడట. ఆ పెళ్లి అవుతుందో, ఇంకోటి చూసుకుంటారో, అది వాళ్లిష్టం. నాకు మాత్రం ఆవిడ చివర అన్నమాట బాగుంది.

“ఐ-140 ఉందండీ. 2022 తేదీ. కాగితం నేనే చూశాను.”

‘ఉందిట’ అనలేదు.